మూడేండ్లకొకమారు

సెప్టిక్ ట్యాంకు పొంగి పెరటిలోనికి వచ్చినప్పుడు గాని మనలో పెక్కుమందికి దాని తలపే రాదు. అప్పటికి వేళ మించును. వానకాలమైనచో లారీ దొరకుట కష్టము. దొరికినను అడిగినంత యిచ్చుకొనవలెను. ఆ తొందరలోనే మనిషిని లోనికి దింపుటయు జరుగుచున్నది. లోపలి విషవాయువు క్షణములలో ప్రాణము తీయగలదు. రక్షణసాధనములు లేక అట్లు దింపించుట 2013 నాటి చట్టముచే నేరము. తొలి తప్పునకే రెండేండ్లవరకు చెఱ, రెండు లక్షల రూపాయలవరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును.

ఈ దురాచారముతో పోరాడి 2016లో మెగసెసే బహుమానమందిన బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల తెలుగు కుటుంబమున జన్మించినవారు. వారిని మనవారని చెప్పుకొని గర్వించినంత మాత్రము చాలదు.

మా మనవి యొక్కటే. రెండు మూడేండ్లకొకమారు, పొంగకమునుపే, వేసవిలోనే యంత్రపు లారీని పిలిపించి మడ్డి తోడించుడు. ఆ ఖర్చును ముప్పదియారు నెలలకు పంచి చూచినచో భారమనిపింపదు. నాలుగిండ్లవారు కలిసి ఒకే దినమున పిలిపించినచో బేరమునకును వీలగును. తోడించిన తేదీని గోడమీద వ్రాసియుంచుడు. మన పెరటి శుభ్రతకై పరుల బిడ్డ ప్రాణమును ఒడ్డరాదు.