తెరమీది తెలుగు

వెబ్‌సైటునకు అలంకారము వేరు, ఔచిత్యము వేరు. రంగులెన్ని ఉన్నను, కదలాడు బొమ్మలెన్ని ఉన్నను, వచ్చిన పాఠకునికి కావలసిన సంగతి దొరకనిచో ఆ శ్రమ అంతయు వ్యర్థమే. పాఠశాలలు సైతము సొంత వెబ్‌సైట్లు నెలకొల్పుకొనుచున్న ఈ దినములలో ఈ వివేచన ఉపాధ్యాయులకును, విద్యార్థులకును మిక్కిలి అవసరము.

వేర్వేరు కంప్యూటర్లపై పనిచేయు శాస్త్రజ్ఞులు సమాచారమును సులభముగా పంచుకొనవలెనను సంకల్పముతో 1989లో సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌నకు రూపురేఖలు ప్రతిపాదించెను. అందరికిని అందుటయే దాని జన్మహేతువు. ఆయన 1994లో స్థాపించిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008 నాటి మార్గదర్శకములలో నాలుగు సూత్రములను నిలిపినది: పేజీలోని విషయము ఇంద్రియములకు గోచరింపవలెను, వాడుకకు అనువుగా ఉండవలెను, అర్థము కావలెను, వేర్వేరు సాధనములపై చెక్కుచెదరక నిలువవలెను. సామాన్య పరిమాణముగల అక్షరమునకును దాని వెనుకటి రంగునకును నడుమ కాంతిభేదము కనీసము 4.5:1 నిష్పత్తిలో ఉండవలెనని కూడ అవి చెప్పుచున్నవి. లేతబూడిద రంగుపై తెల్లని అక్షరములు అందముగా కనబడవచ్చును. చదువుటకు మాత్రము పనికిరావు.

తెలుగు సైట్లలో ఈ సూత్రములకు తరచుగా కలుగు భంగమొకటి కలదు. అది, అక్షరములుగా ఉండవలసిన ప్రకటనను, పరీక్షల పట్టికను బొమ్మగా అతికించుట. కంటికది తెలుగే, కంప్యూటరునకు వట్టి బొమ్మ. వెదకినను దొరకదు, చూపులేని విద్యార్థికి చదివి వినిపించు సాధనము దాని యెదుట మూగవోవును. ఫాంటు లేనిచోట అక్షరములు చెదరునని కొందరందురు. ఒకప్పుడది న్యాయమైన సమాధానమే. కాని 1991లోనే యూనికోడ్ తెలుగు అక్షరములకు స్థానము కల్పించినది; నేటి సెల్‌ఫోన్లు తెలుగు ఫాంటుతోనే వచ్చుచున్నవి. ఇంకను బొమ్మలనే ఆశ్రయించుట సోమరితనము.

మరియొక సంగతి. తెలుగు లిపికి పైన గుడులు, క్రింద ఒత్తులు కలవు. ఇంగ్లీషునకు కుదిరిన పంక్తుల ఎడమునే తెలుగునకును ఉంచినచో పై పంక్తి ఒత్తులు క్రింది పంక్తి గుడులతో పెనగులాడును. తెలుగు పంక్తులకు కొంత హెచ్చు ఎడము అవసరము.

సైటు మంచిచెడ్డలకు పరీక్ష కష్టమైనది కాదు. నిర్మించినవాడు గాక, దానిని ఎన్నడును చూడని విద్యార్థి ఒకడు చిన్న ఫోనులో సెలవుల తేదీని వెదకవలెను. చూపులేని విద్యార్థి మరియొకడు దానినే విని గ్రహింపవలెను. ఇద్దరికిని దొరకినచో అది మంచి సైటు. ఒక్కనికి దొరకకున్నను, లోపము వెదకినవానిది కాదు, నిర్మించినవానిది.