గుణించుట సులభము, విడదీయుట విద్య

పట్టిక పూర్తియైన నాడే శాస్త్రము పూర్తియైనదని తలచుట మన కళాశాలల గణితబోధనను క్షీణింపజేయుచున్న భ్రమ. పరిమిత క్షేత్రములపై నిర్మితములైన సాధారణ రేఖీయ సమూహముల చరిత్ర ఈ భ్రమను తొలగింపజాలును.

సాధారణ రేఖీయ సమూహమనగా విలోమము గల మాత్రికల సమూహము. సమూహము సదిశాంతరాళముపై వర్తించునపుడు ప్రతి మూలకమునకు గలుగు మాత్రిక జాడయే క్యారక్టరు. ఈ భావమును 1896లో, డెడెకిండ్ లేఖలచే ప్రేరితుడై, బెర్లినులో ఫ్రోబేనియస్ స్థాపించెను. ఈ సమూహముల విభజింపరాని, అనగా ఇతర క్యారక్టర్ల మొత్తముగా వ్రాయరాని, క్యారక్టర్ల నన్నిటిని, వాని విలువల పట్టికను 1955లో జె. ఎ. గ్రీన్ నిర్ణయించెను.

అయినను ఒక ప్రశ్న మిగిలినది. రెండు క్యారక్టర్ల టెన్సర్ లబ్ధమునకు వాని విలువలను గుణించిన చాలును. ఆ లబ్ధమున ఏ విభజింపరాని క్యారక్టరు ఎన్ని మారులు గలదో తెలిసికొనుటయే కష్టము. 0, 1 అను రెండే మూలకములు గల క్షేత్రముపై రెండు వరుసల మాత్రికల సమూహమున మూలకములు 6. 1, 3, 2 మూలకములు గల మూడు సంయుగ్మ తరగతులపై ద్విపరిమాణ క్యారక్టరు విలువలు 2, 0, −1. దాని వర్గము 4, 0, 1. ఇది సమూహము యొక్క మూడు విభజింపరాని క్యారక్టర్లును ఒక్కొక్కమారు కలిసిన మొత్తము. వాని పరిమాణములు 1, 1, 2 కలిసి 4 అగును.

చిన్న సమూహమున చేతితో సాధ్యమైన ఈ పని, క్షేత్రము పెరిగినకొలది దుర్గమమగును. యంత్రము లెక్కించును గదా యని యందురు. యంత్రము చెప్పునది ఆయా సమూహమునకే గాని, అనంతములైన క్షేత్రముల కన్నిటికి నొకేసారి గాదు. హౌసెల్, లెటెల్యే, రోడ్రిగెస్ వియేగాస్ అను గణితవేత్తలు 2011లో ప్రకటించిన కృషివలన, సామాన్యస్థితిలో నున్న క్యారక్టర్ల లబ్ధములందలి ఈ గణనలు క్షేత్ర పరిమాణమున బహుపదులై, బాణచిత్రములనుండి పుట్టిన జ్యామితీయరూపముల నిర్మాణముతో ముడివడి యున్నవని తేలినది. గ్రీన్ పట్టిక అర్ధశతాబ్దికి పైగా అందుబాటులో నున్నను, ఈ సంబంధము వెలువడుటకు అడుగువారు కావలసివచ్చిరి.

కావున బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. తరగతులలో సిద్ధాంతమును వల్లెవేయించుటకు మారుగా, విద్యార్థిచే ఒక చిన్న సమూహపు పట్టికను స్వయముగా వ్రాయించి, లబ్ధములను విడదీయింపవలెను. పరీక్షాపత్రమున ఆ శ్రమకు మార్కులుండవలెను. నేడు ప్రయోజనమేమని అడుగుటకు ముందు, ప్రశ్నకు ఓపిక చూపు బుద్ధిని మన విశ్వవిద్యాలయములు పెంపవలెను.