నెల జీతం ఆట

షామీర్‌పేట నుంచి సిటీకి పోతుంటే దారిలో హకీంపేట స్పోర్ట్స్ స్కూల్. ప్రభుత్వమే పిల్లల్ని అక్కడ ఉంచి, తిండి పెట్టి, ఆట నేర్పిస్తుంది. మంచిదే. మరి నేర్చుకున్న ఆడపిల్ల ఆ తర్వాత ఎక్కడ ఆడాలి?

సౌమ్య గుగులోత్‌ని చూడండి. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. ఆమె వేసుకున్న జెర్సీలు: గోకులం కేరళ, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్, కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్. ఈస్ట్ బెంగాల్ 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌కి ఫెడరేషన్ ఉత్తమ క్రీడాకారిణి కూడా సౌమ్యే. ఈ మూడు క్లబ్బుల్లో ఒక్కటైనా మనదా? "మన బిడ్డ" అనడానికి మాత్రం ముందుంటాం. గల్ఫ్‌కి పోయినవాడిని వలస కూలీ అంటాం, ఈమెని గర్వకారణం అంటాం. పోవాల్సి రావడం ఇద్దరికీ ఒకటే.

రహీం సాబ్ గురించి, 1950 నుంచి వరసగా అయిదు రోవర్స్ కప్పులు కొట్టిన సిటీ పోలీస్ జట్టు గురించి ఎన్ని వ్యాసాలైనా రాస్తాం. నేనూ రాసిన. ఒక్క సంగతి మాత్రం వదిలేస్తాం: వాళ్లకి పోలీసు ఉద్యోగాలుండేవి. నెల తిరిగితే జీతమొచ్చేది. ఆ స్వర్ణయుగం ఉత్త ప్రతిభతో రాలేదు సార్, జీతాల రిజిస్టర్‌తో వచ్చింది.

ఆ రిజిస్టర్‌లో ఆడపిల్లల పేర్లు రాయమనే నేనడిగేది. మ్యాచ్ అయ్యాక మేడ్చల్ బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరేంత దగ్గర్లో.