కంచం వేరు చేస్తే ఆగేది కాదు

గల్ఫ్ వెళ్దామని మెడికల్‌కు పోయిన కుర్రాడు హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్-బి పరీక్ష) పాజిటివ్ అని, అన్‌ఫిట్ కాగితంతో ఇంటికొస్తాడు. సాయంత్రానికల్లా కంచం వేరు, గ్లాసు వేరు. పిల్లల్ని దగ్గరికి రానివ్వరు. పడక మాత్రం మామూలే. దాని సంగతి అడిగేవాళ్లూ లేరు, చెప్పేవాళ్లూ లేరు.

వ్యవహారం పూర్తిగా తలకిందులుగా ఉంది. హెపటైటిస్-బి ఒకే కంచంలో తిన్నా అంటదు, పిల్లల్ని ఎత్తుకున్నా అంటదు. రక్తం, వీర్యం, యోని స్రావాలే దాని దారులు. కలయికలో కంటికి కనపడనంత చిన్న గీత పడినా వైరస్ దూరిపోతుంది. హెచ్ఐవీ కన్నా 50 నుంచి 100 రెట్లు తేలిగ్గా సోకే వైరస్ ఇది. ఎయిడ్స్ అనగానే కండోమ్ గుర్తొచ్చే మనకు ఈ వైరస్ తెచ్చే కామెర్లంటే పసరు మందే గుర్తొస్తుంది. అసలు కామెర్లంటూ కనబడాలి కదా! చాలామందిలో ఏ లక్షణమూ బయటపడదు. చూడ్డానికి నిక్షేపంగా ఉన్న మనిషే భాగస్వామికి అంటించగలడు.

ఇక అనుమానం ఒకటి. ‘ఎక్కడ తిరిగొచ్చావు?’ అని అత్తింటివాళ్లు నిలదీస్తారు. రిపోర్టులో దానికి జవాబుండదు. పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే, నూటికి 90 మంది పిల్లల ఒంట్లో వైరస్ ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. పెద్దయ్యాక సోకినవాళ్లలో మాత్రం అలా మిగిలిపోయేది నూటికి అయిదుగురి లోపే. పాతికేళ్ల వయసులో బయటపడింది పొత్తిళ్లలో వచ్చిందే కావచ్చు. ఆ కాగితం పట్టుకుని కాపురాలు కూల్చడం ఘోరం.

ముందు చేయాల్సింది భార్యకు పరీక్ష. ఆమెకు వైరస్ లేకపోతే, రక్షణా లేకపోతే వెంటనే టీకా మొదలెట్టాలి: ఇవాళ ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. చివరి డోసు పడిన నెలా రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేసి, రక్షణ వచ్చిందని తేలేదాకా కండోమ్ తప్పనిసరి. ఈమధ్యే కలిసి ఉంటే ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. 14 రోజుల లోపయితే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా ఇవ్వొచ్చు. సిగ్గుపడి వాయిదా వేస్తే ఆ అవకాశం చేజారిపోతుంది.

టీకాకు కరువా అంటే, మన దేశపు తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా 1997లో హైదరాబాద్‌ శాంతా బయోటెక్నిక్స్‌ నుంచే వచ్చింది, ధర దిగొచ్చింది. పసిపిల్లల ప్రభుత్వ టీకాల్లో అది దేశమంతటా చేరేసరికి 2011 అయింది. అంతకుముందు పుట్టి ఇప్పుడు పెళ్లిపీటలెక్కుతున్న వాళ్లలో ఎందరికో ఒక్క డోసూ పడలేదు. జాతకాలు చూసుకునే రెండు కుటుంబాలూ హెపటైటిస్-బి రక్తపరీక్ష కూడా చేయించుకుంటే తప్పేముంది?

డాక్టర్లకూ ఒక మాట. పాజిటివ్ వచ్చిన మనిషికి లివర్ పరీక్షలు రాసి పంపేస్తే పని అయిపోదు. పడక సంగతి మీరు ఎత్తకపోతే అతను ఎత్తడు. భార్యనో భర్తనో వెంటబెట్టుకుని రమ్మని ఆ చీటీ మీదే రాయండి.