రాణి ఒక్కపూట వచ్చింది.. రోజూ దీపం పెట్టిందెవలు?

మా యూసుఫ్‌గూడల పెంకుటిల్లు కనవడుడే గగనమైంది. అందుకే పాత కట్టడం ఏదన్నా నిలబడి ఉన్నదంటే నాకు ఒక్కటే సవాలు పుడ్తది: దీన్ని ఎవలు కాపాడిన్రు?

సికింద్రాబాద్ల సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. బొల్లారంల హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. రెండూ తెల్లదొరల దండు కోసం కట్టినయే. మనోళ్లు రాళ్లు మోసిన్రు, దొరలు లోపల ప్రార్థన చేసిన్రు.

బొల్లారం చర్చి అనంగనే అందరు ఒక్కటే ముచ్చట చెప్తరు. విక్టోరియా రాణి పైసలిచ్చిందని, 1983 నవంబర్ 20న ఎలిజబెత్ రాణి తన పెండ్లిరోజు నాడు అక్కడికొచ్చి ప్రార్థన చేసిందని. వచ్చింది, నిజమే. కాని ఒక్కపూట వచ్చిపోయినామె వల్ల గోడలు నిలబడ్తయా?

అసలు కథ వేరే ఉన్నది. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ఇంకొన్ని సంఘాలు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అయినయి. అప్పటికి హైదరాబాద్ ఇంకా నిజాం చేతులనే ఉన్నది. తర్వాత తెల్లదండు పోయింది. దండు కోసం కట్టిన ఈ చర్చిలు సీఎస్ఐ కిందికొచ్చినయి. దొరలు కూసున్న బెంచీల మీద మనోళ్లు కూసున్నరు. పెండ్లిళ్లు, బాప్తిస్మాలు, క్రిస్మస్ పాటలు ఆగలే. ఆదివారం తలుపు తీసేటోళ్లు, ఊడ్సేటోళ్లు, కానుక వేసేటోళ్లే వాటిని బతికించిన్రు.

"దొరల కట్టడం మనకెందుకు?" అని కొందరు అడుగుతరు. కోఠి రెసిడెన్సీని చూడున్రి. ఇంగ్లీషు రెసిడెంటు బంగ్లా ఆడపిల్లల కాలేజీ అయింది. ఇయ్యాల చాకలి ఐలమ్మ పేరు మీద మహిళా యూనివర్సిటీ. కట్టినోడు ఒకడు, వాడుకునేటోళ్లు ఇంకొకళ్లు. గట్లనే చరిత్ర మన చేతికొస్తది.

కాని వాడకం ఒక్కటే సాలదు, చట్టం కూడ కావాలె. పాత కట్టడాలను కాపాడే 13వ నిబంధనను మన సర్కారే 2015ల తీసేసింది. 2017ల హెరిటేజ్ చట్టం తెచ్చింది. అయినా 2019ల ఇర్రం మంజిల్ కూలగొట్టి అసెంబ్లీ కడ్తమన్నరు. హైకోర్టు ఆపింది కాబట్టి మిగిలింది. ప్రతిసారి కోర్టు మెట్లెక్కాల్నా?

సర్కారుకు రెండే తోవలు కనవడ్తున్నయి: కూలగొట్టుడు, లేకుంటే టికెట్ పెట్టి బొమ్మ లెక్క నిలబెట్టుడు. మూడో తోవ ఈ చర్చిలు చూపిస్తున్నయి. జనం వాడుకుంటున్న కట్టడానికి మరమ్మతు సాయం జెయ్యాలె. ఏం జెయ్యాల్నో తేల్చే కమిటీల మొదటి కుర్సీ వాడుకునేటోళ్లకియ్యాలె. అది చర్చి అయినా, మసీదయినా, గుడయినా, సర్కారు దవాఖాన అయినా ఒక్కటే లెక్క.

రాణి పేరు రాసుకోండ్రి, వద్దనం. దాని కిందనే తలుపు తీసే చేతుల ముచ్చట కూడ రాయున్రి.