సెల్ఫ్ తిరుగుతది, బండి లేవదు: బ్యాటరీ కొనేముందు హీటర్ ప్లగ్ చూద్దాం



పోస్టు కొంచెం పొడుగైంది. మీ ఇంట్లో అన్నో, బావో, చిన్నాయనో పాత డీజిల్ బండి నడుపుతుంటే మాత్రం చివరిదాకా చదవండి.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం పోయింది. దిల్‌సుఖ్‌నగర్ రూముల్లో ఉండే మనకు అప్పుడు నడిచిపోయే దూరం. ఇప్పుడు ఎల్బీనగర్, హయత్‌నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద పోవాలె. పాత ట్రాలీలు కొనుక్కొని కిరాయి కొట్టే మన అన్నలు తెల్లారకముందే అక్కడుండాలి. లేటైతే కిరాయి ఇంకొకరికి పోతది, కిస్తీ మాత్రం మనకే మిగుల్తది.

మొన్నటి చలికాలం మాకు తెలిసిన ఒక అన్న బండి పొద్దున నాలుగింటికి మొరాయించింది. సెల్ఫ్ తిరుగుతది, తెల్లపొగ వస్తది, ఇంజన్ మాత్రం లేవదు. బ్యాటరీ మార్చమంటే అప్పు తెచ్చి మార్చిండు. తర్వాత సెల్ఫ్ మోటార్ విప్పించిండు. మూడో రోజు తేలిందేంటంటే, పోయింది ఒక హీటర్ ప్లగ్. ఆ బండికి ఉన్నవే రెండు సిలిండర్లు. ఒక ప్లగ్ పోతే చలిలో సగం ఇంజన్ పోయినట్టే.

మేము చెప్పదలచుకున్నది ఒకటే. మనల్ని ముంచుతున్నది పాత బండి కాదు, పరీక్షించకుండా సామాన్లు మార్చే అలవాటు.

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటది. చల్లటి ఇంజన్‌లో ఆ వేడిని చుట్టూ ఉన్న ఇనుము పీల్చేస్తది. అందుకే పాత ఇంజన్లలో డీజిల్ పడే చిన్న గదిలోకి హీటర్ ప్లగ్ పెట్టారు. దాని మొన కొన్ని సెకన్లలో ఎర్రగా కాలుతది.

మొదట పొగ చూడాలి. సెల్ఫ్ కొడుతుంటే తెల్లపొగ వస్తే డీజిల్ అందుతుంది, వేడి చాలట్లేదు అన్నట్టు. పొగే లేకపోతే డీజిల్ లైన్‌లో గాలి చేరిందేమో చూసుకోవాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కూడా లేవకపోతే అది హీటర్ ప్లగ్ గోల కాదు.

తర్వాత కరెంటు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు తాళం హీటర్ మీద పెట్టి, ప్లగ్‌లను కలిపే పట్టీకి, బాడీకి మధ్య 12 వోల్టుల బల్బు పెట్టండి. వెలగకపోతే ఫ్యూజు, రిలే, వైరు చూడాలి. ప్లగ్‌లన్నీ ఒకేసారి పోయినట్టు అనిపిస్తే ఎక్కువసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు.

కరెంటు వస్తుంటే తాళం తీసేసి పట్టీ విప్పండి. బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు ద్వారా ఒక్కో ప్లగ్‌ను తాకించండి. బల్బు వెలగని ప్లగ్ పోయినట్టే. మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది: మామూలు 12 వోల్టుల ప్లగ్ ఒక ఓం అటుఇటు చూపిస్తది, పోయినది అసలేం చూపించదు. కొత్తది కొనేటప్పుడు దాని మీద రాసి ఉన్న వోల్టేజి తప్పకుండా చూడండి.

విప్పేటప్పుడు తొందర వద్దు. ఇంజన్ కొంచెం వెచ్చగా ఉన్నప్పుడు, తుప్పు వదిలించే నూనె పోసి, మెల్లగా తిప్పాలి. మొన విరిగి లోపల పడితే హెడ్డు దించాల్సి వస్తది. మొన కాలి కరిగి ఉంటే కొత్తది పెట్టి ఊరుకోకండి, ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ను కూడా చూపించండి.

ఇంకో మాట. లేవట్లేదని ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోల్ గుడ్డ పెట్టడం, స్ప్రే కొట్టడం, మంట చూపించడం చేయకండి. లోపల ప్లగ్ కాలుతుంటే మంట వెనక్కి తన్నుతది. కిరాయి పోతే రేపు వస్తది, మొహం కాలితే రాదు.

కొందరు అంటారు, "మనం గ్రూప్స్‌కు చదువుకునేది, ఈ గ్రీజు పని మనకెందుకు?" అని. మన ఫీజుల్లో, మెస్ బిల్లుల్లో ఆ ట్రాలీ కిరాయి ఉంది మిత్రులారా. మల్టీమీటర్ చూడటం మనకు వచ్చు, ఇంజన్ శబ్దం పట్టడం అన్నలకు వచ్చు. రెండూ కలిస్తే అరగంట పని. ట్రైకార్ సబ్సిడీ మీద బండి ఇచ్చినప్పుడు రెండు రోజుల రిపేరు శిక్షణ కూడా ఇవ్వాలని మనం అడగాలి. అది వచ్చేదాకా మన ఐటీఐ డీజిల్ మెకానిక్ తమ్ముళ్లే గురువులు. సెలవులకు ఊరికి పోయినప్పుడు తలా ఒక మల్టీమీటర్ పట్టుకొని పోదాం.

జోహార్.