గృహిణియు యంత్రములును: మోటారుకారు ప్లగ్గుల సందు సవరించుట



గతమాసమున కుట్టుమిషనునకు నూనె వేయు విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున మోటారుకారు మూత యెత్తవలసి వచ్చినది. “కారు మాటలు మనకేల? అవి మగవారి పనులు కావా?” యని కొందరు ముక్కుపై వ్రేలు వేసికొందురేమో. ఆ వ్రేలు తీసి యీ రెండు పుటలు చదువుడని నా మనవి. ఈ పని వంటయింటి గ్యాసుపొయ్యి బర్నరును శుభ్రము చేయుటకంటె పెద్ద కష్టమైనది కాదు.

మా యత్తగారికి మూత్రపిండములు చెడినవి. వారమునకు మూడు పర్యాయములు రాజమహేంద్రవరము తీసికొనిపోయి డయాలిసిస్ చేయింపవలెను. మా గ్రామము రావులపాలెమునకు చేరువ. మావారు మస్కట్టులో నుద్యోగము చేయుచున్నారు. డయాలిసిస్ అయినపిదప బస్సులో నిలుచుండి వచ్చు శక్తి యామెకు లేదు. వారమునకు మూడుమార్లు బాడుగకారు పిలుచు శక్తి మాకు లేదు. కావున మాకున్న యాధారమెల్ల మావారు విడిచిపోయిన యొక పాత చిన్నకారును, దానిని నడుపు నేనును.

నిరుటి వానకాలమున నా కారు క్రొత్తవింత మొదలిడినది. సమముగా నున్న రోడ్డుమీద బుద్ధిగా పోవును. గౌతమి మీద జొన్నాడ వంతెన యెక్కునప్పుడు మాత్రము దగ్గుతెర వచ్చినట్లు వణకును, త్రొక్కినకొలది వెనుకకు లాగును. పెట్రోలు ఖర్చును పెరిగినది. ఒకనాటి సాయంకాలము మేము తిరిగి వచ్చుచుండగా వంతెన మొదటనే యాగిపోయినది. వెనుక లారీలు హారనులు మ్రోగించుచున్నవి. అత్తగారు నా చేయి పట్టుకొని, “అమ్మాయీ, నన్నింక త్రిప్పవద్దమ్మా. నావల్ల నీకీ బాధ చాలు,” అనిరి. డయాలిసిస్ మానినచో నేమగునో యామెకును దెలియును, నాకును దెలియును. నేను జవాబు చెప్పలేకపోతిని.

మరునాడు పట్టణమున నొక మెకానికునకు చూపితిని. అతడు బానెట్ యెత్తి, రెండుమార్లు ఇంజను మ్రోగించి, “బోరు పోయిందమ్మా, ఇంజను విప్పాలి,” అనెను. 28,000 రూపాయలగునట, పది దినములు పట్టునట. ఆ పది దినములలో నాలుగైదు డయాలిసిస్‌లు! అక్కడనే నిలుచున్న మరియొక పెద్దమనిషి, బండిని పాతయినుము ధరకు దాను కొందునని యుదారముగా సెలవిచ్చెను.

ఇంటికి వచ్చి మా తండ్రిగారికి ఫోను చేసితిని. వారికిపుడు ఎనుబదిమూడేండ్లు. ఒకప్పుడు వారికి అంబాసిడరు కారుండెడిది. ఆదివారమునాడు వరండాలో పాతపత్రిక పరచి, ప్లగ్గులు విప్పి వరుసగా పెట్టుకొని వారు సవరించుచుండ, నేను టార్చిలైటు పట్టుకొనుదానను. టార్చిలైటు నా వంతు; కొలత చూచు రేకులగేజి మా యన్నయ్య వంతు. ఎందుకో నేనడుగలేదు, వారును జెప్పలేదు.

“ప్లగ్గులు తీసి చూచినాడా?” యని వారడిగిరి.

“లేదు నాన్నగారూ.”

“ప్లగ్గు చూడకుండ ఇంజను విప్పుటేమమ్మా? అన్నము ఉడకలేదని పొయ్యి పగులగొట్టుదురా? నీవే తీసి చూడు.”

ఇప్పుడు అసలు సంగతికి వత్తము. పెట్రోలు ఇంజనులో పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమము సిలిండరులో నొత్తబడును. దానిని మండించుటకు నిప్పురవ్వ కావలెను. ప్లగ్గు చివర నడుమ నొక సన్నని కడ్డి, దానిపైకి వంగిన కొమ్మువంటి మరియొక లోహఖండము నుండును. ఈ రెంటి నడుమనున్న సందులో రవ్వ దుముకును. బ్యాటరీలోనిది 12 వోల్టులే యైనను, ఇగ్నిషన్ కాయిలు దానిని వేల వోల్టులకు పెంచి ప్లగ్గునకు పంపును. ఇంజను నిముసమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క సిలిండరులో సెకనునకు 25 రవ్వలు పుట్టవలెను. అన్ని రవ్వలు పడుచుండగా లోహము కొంచెముకొంచెముగా నరిగి, సందు వెడల్పగును. వెడల్పైనకొలది దానిని దాటుటకు ఎక్కువ వోల్టులు కావలెను.

మరి వంతెనమీదనే యేల మొరాయించవలెను? ఎత్తెక్కునపుడు మనము యాక్సిలరేటరు త్రొక్కుదుము. సిలిండరులోనికి ఎక్కువ మిశ్రమము పోయి, ఎక్కువ యొత్తిడి కలుగును. ఒత్తిడి హెచ్చినకొలది రవ్వ దాటుట కష్టము. సమమైన దారిలో నెట్లో దాటుచున్న రవ్వ, ఎత్తు రాగానే దాటలేక చచ్చిపోవును. దీనినే మెకానికులు “మిస్సింగు” అందురు. కాలని పెట్రోలు పొగగొట్టములోనికి పోయి, అక్కడ పొగను శుద్ధిచేయు కాటలిటిక్ కన్వర్టరును గూడ చెరచును. సందు మరీ యిరుకైనను తప్పే: రవ్వ చిన్నదై, బండి నిలిచియున్నపుడు ఇంజను కుదురుగా నడువదు.

పని చేయు విధము చెప్పెదను. ఇంజను పూర్తిగా చల్లారవలెను. వేడిగా నుండగా విప్పినచో అల్యూమినియపు తలలోని మరలు చెడును. ఆ నష్టము ముందు 28,000 రూపాయలు లెక్కలోనివి కావు. కొంగు నడుమునకు బిగించి దోపుకొనుడు; జడ ముడిచికొనుడు; తాళపుచెవి తీసి చేతనుంచుకొనుడు. ప్లగ్గుల చుట్టునున్న దుమ్మును సైకిలుపంపుతో నూదివేయవలెను. లేనిచో ప్లగ్గు తీయగానే యా యిసుక సిలిండరులో పడును. తరువాత ప్లగ్గు తొడుగును పట్టుకొని లాగవలెనే కాని తీగను లాగరాదు.

ఒక్కొక్క ప్లగ్గునే విప్పి, చూచి, సవరించి, మరల బిగించి, తీగ తగిలించి, పిదపనే రెండవదానికి పోవలెను. ఈ మాట నాన్నగారు రెండుమార్లు చెప్పిరి. నేను మాత్రము తొందరపడి మూడు తీగలును ఒక్కసారి పీకి, తగిలించునపుడు తారుమారు చేసితిని. ఇంజను మ్రోగింపగానే టపటపమని ప్రేలి, బండి యంతయు నూగిపోయినది. ప్రక్కయింటి పిల్లలు దీపావళి ముందే వచ్చినదని పరుగెత్తివచ్చిరి. ఫోనులో నాన్నగారి నవ్వు అయిదు నిముసములవరకు నాగలేదు.

ప్లగ్గు విప్పుటకు లోపల రబ్బరుగల ప్రత్యేకమైన పానా దొరకును. ఆ రబ్బరు పింగాణిని కాపాడును. తీసిన ప్లగ్గు కొనను వెలుతురులో చూడుడు. లేత గోధుమరంగో, బూడిదరంగో యున్న ఇంజను ఆరోగ్యముగా నున్నది. పొడిమసి పట్టియున్న పెట్రోలెక్కువ, గాలి తక్కువ యగుచున్నదని తెలియవలెను. తెల్లగా కాలి పొక్కులెత్తిన వేడి మితిమీరుచున్నది. నూనెతో తడిసి నల్లగా నున్నచో సిలిండరులోనికి ఇంజనునూనె దిగుచున్నది. అప్పుడు మెకానికు చెప్పిన “బోరు” మాట నిజము కావచ్చును. సందు సవరించినంత మాత్రమున నది పోదు. మెకానికులెల్లరు మోసగాండ్రని నేననను. చూడక చెప్పినవానిని గూర్చియే నా ఫిర్యాదు.

మా ప్లగ్గులు మూడును గోధుమరంగుగనే యుండెను. నా గుండెలో బరువు సగము దిగినది. వైరుగేజితో కొలిచి చూడగా, మా కారు పుస్తకములో 0.7 మొదలు 0.8 మిల్లీమీటరు వరకు నుండవలెనని వ్రాసిన సందు, ఒకదానిలో 1.1, తక్కిన రెంటిలో 1.2 వరకు పెరిగియున్నది. ప్లగ్గులు మార్చి యెన్ని వేల కిలోమీటరులైనదో మా యింట నెవరికిని జ్ఞాపకము లేదు.

గేజిలు రెండు విధములు. పలుచని ఉక్కురేకుల కట్ట యొకటి. వేర్వేరు మందముల తీగలు గలది రెండవది. అరిగిన ప్లగ్గునకు తీగగేజియే మేలు. ఏలయన, కొమ్ము లోపలివైపు గుంటపడియున్నప్పుడు రేకు గుంట యంచులమీద నానియుండును, అసలు సందుకంటె తక్కువ చూపును. గేజి సందులో దూర్చినపుడు వెన్నలో కత్తివలె జారరాదు, బలవంతముగా దూరనురాదు. కొంచెము పట్టుచు రావలెను. సూదిలో దారము తగినదో కాదో చేతికి తెలియునట్లే యిదియు రెండుమార్లు చేసిన చేతికే తెలియును.

సందు తగ్గింపవలెనన్న ప్లగ్గును తలక్రిందుగా పట్టి, వంకరకొమ్మును చెక్కపలకపై మెల్లగా తట్టవలెను. పెంచవలెనన్న గేజికున్న కొక్కెముతో కొమ్మును మాత్రమే పైకెత్తవలెను. నడిమి కడ్డిమీదగాని, దాని చుట్టునున్న పింగాణిమీదగాని యెట్టి బరువును పెట్టరాదు. పింగాణి వెండ్రుకవాసి పగిలినను రవ్వ ప్రక్కదారి పట్టును. ప్లగ్గు చేయిజారి సిమెంటుగచ్చుమీద పడెనా, పైకి బాగుగనే యున్నను దానిని పారవేయుట మేలు. ఇనుపబ్రష్షుతో పింగాణిని రుద్దుటయు తప్పు. లోహపుచార పట్టి రవ్వ దానివెంట పోవును.

మరల పెట్టునపుడు పానా వెంటనే యుపయోగింపరాదు. ప్లగ్గు తలకు చిన్న రబ్బరుగొట్టము తగిలించి వ్రేళ్ళతో త్రిప్పుడు. మర తిన్నగా పట్టనిచో గొట్టము జారునే కాని మర చెడదు. ప్లగ్గు కూర్చున్నపిదప వాషరుగల క్రొత్తప్లగ్గునైన పానాతో అరచుట్టు, మహా యనిన మూడింట రెండువంతుల చుట్టు బిగించిన చాలును. పాతదానికి వాషరు ముందే నలిగియుండును గనుక చుట్టులో పండ్రెండవవంతే.

ఈ పని చేయుచుండగా నాకు జర్మనీ దేశపు బెర్తాబెంజిగారు జ్ఞప్తికి వచ్చిరి. మోటారుకారు నిర్మించిన కార్లుబెంజిగారి భార్య యామె. 1888 ఆగస్టులో భర్తతో చెప్పక, ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు నూరు కిలోమీటరులకు పైగా కారులో ప్రయాణముచేసెను. దారిలో పెట్రోలుగొట్టము పూడుకొనగా టోపీపిన్నుతో పొడిచి బాగుచేసెను. నిప్పురవ్వ తీగ యొరసికొనగా మేజోడుపట్టీని చుట్టెనట. పెట్రోలుబంకులు లేని కాలమగుటచే మందులషాపులో నింధనము కొనవలసి వచ్చెను. ఇంగ్లండు రాణి యెలిజబెత్తు సహితము పట్టమునకు రాకముందు, 1945లో సైన్యపు స్త్రీవిభాగమున చేరి మోటారుబండ్లు నడుపుటయు బాగుచేయుటయు నేర్చెను. మసి యామె చేతులకును అంటియుండును.

సరే, మా కథకు వత్తము. సందులు సవరించి, తీగలు సరిగా తగిలించి, మరునాడే అత్తగారిని కూర్చుండబెట్టుకొని బయలుదేరితిని. వంతెన వచ్చుచున్నపుడు ఆమె నా ముఖమువైపు చూచుచుండెను. నేను రోడ్డుతప్ప మరేమియు చూడలేదు. బండి చక్కగా నెక్కినది. వంతెన దాటినదాక మేమిరువురము మాటలాడలేదు. అరిగిన ప్లగ్గులను ఎంత సవరించినను, అంచులు గుండ్రబారియుండుటచే అది తాత్కాలికమే. ఆ వారమే మూడు క్రొత్తవి కొంటిని. అన్నిటికిని కలిపి నాలుగువందల రూపాయలైనను కాలేదు. డయాలిసిస్ ఒక్కటియు తప్పలేదు.

ఇక నొకటిరెండు హెచ్చరికలు. ఇప్పటి కార్లు పెక్కింటిలో ఇరీడియము, ప్లాటినము కొనలుగల ప్లగ్గులుండును. ఇవి నికెలు ప్లగ్గులకంటె ఎంతో యెక్కువకాలము మన్నును. వాని కొన సూదివలె సన్నము. మొరటు గేజి తగిలిన విరుగును. సందు కర్మాగారములోనే సరిచేసి యుండును గనుక కొలిచి చూచుటయే కాని, తారుమారు చేయక విడుచుట మంచిది. సి.ఎన్.జి.తో నడుచు బండ్లలో వాయువును మండించుటకు వోల్టులెక్కువ కావలెను. అందుచే సందు తగ్గించి పెట్టుమని కొన్ని కంపెనీలు చెప్పును. మీ కారు పుస్తకములోని సంఖ్యయే మీకు ప్రమాణము, నా కారు సంఖ్య కాదు. డీజిలుబండికిని, విద్యుత్తుబండికిని ఈ ప్లగ్గులే యుండవు. వెదకి శ్రమపడవలదు.

క్రిందటి నెలలో నాన్నగారు కొరియరులో నొక చిన్న పొట్లము పంపిరి. విప్పిచూడగా ఆ నాటి రేకులగేజి! మా యన్నయ్య దానిని తీసికొనిపోయి, యిరువది యేండ్లుగా బీరువాలోనుండి తీయనేలేదట. అందులో కొలతలన్నియు అంగుళములోని వేయవ వంతులలో నున్నవి. అంబాసిడరునకు కావలసినది 25 వంతులు. ఆ రేకు వాడకమువలన నిగనిగలాడుచున్నది. మా బండికి తగిన రేకు అందులో లేదు. అయినను 14 వంతుల రేకును, 16 వంతుల రేకును కలిపి పట్టుకొనిన 30 వంతులగును, అనగా 0.76 మిల్లీమీటరు. క్రొత్తప్లగ్గులకు సరిగ్గా సరిపోవుచున్నది.